అంకెల్లో కొండలు

కంప్యూటర్లో విమానం నడిపే ఆట చాలా ఇళ్లలో పిల్లలకు పరిచయమే. కుర్చీలోంచి కదలకుండా హిమాలయాల మీద చక్కర్లు కొట్టొచ్చు. సముద్రం మీదుగా వచ్చి విశాఖలో దిగొచ్చు. మరి తెరమీద ఆ కొండ సరిగ్గా అక్కడే ఎందుకుంది? అంతే ఎత్తులో ఎందుకుంది? ఏ చిత్రకారుడో ఊహించి గీసింది కాదది. అంకెల పట్టికలోంచి లేచిన కొండ!

పదకొండు రోజుల కొలత

ఆ అంకెల వెనక పెద్ద కథే ఉంది. 2000 ఫిబ్రవరి 11న ఎండీవర్ వ్యోమనౌక ఆరుగురు వ్యోమగాములతో నింగికెగిరింది. దాని పొట్టలో ఒక రాడార్ యాంటెన్నా, 60 మీటర్ల పొడవున బయటికి చాచిన స్తంభం చివర మరో యాంటెన్నా. మనకు రెండు కళ్లుండటం వల్ల దూరం, లోతు తెలుస్తాయి కదా... ఇక్కడా అదే కిటుకు. లోపలి యాంటెన్నా పంపిన తరంగాలు నేలను తాకి తిరిగొస్తే రెండూ అందుకుంటాయి. ఆ రెండింటి మధ్య వచ్చే చిన్న తేడాను బట్టి నేల ఎత్తు లెక్కకడతారు. మబ్బులున్నా, చీకటైనా రాడార్‌కు అడ్డు కాదు. పదకొండు రోజుల్లో భూభాగంలో దాదాపు 80 శాతం కొలిచేశారు. దీని పేరే షటిల్ రాడార్ టోపోగ్రఫీ మిషన్. పొట్టిగా ఎస్ఆర్‌టీఎం.

అంతకుముందు ప్రపంచమంతటికీ ఉచితంగా దొరికిన పట్టికలో దాదాపు కిలోమీటరుకో ఎత్తు మాత్రమే ఉండేది. మధ్యలో చిన్న గుట్ట ఉంటే మాయమైనట్టే! ఎస్ఆర్‌టీఎం వచ్చాక 90 మీటర్లకొకటి దొరికింది. అమెరికా బయటి ప్రాంతాలకు 30 మీటర్ల వివరాలను మాత్రం 2014లో గానీ విడుదల చేయడం మొదలుపెట్టలేదు.

మన ఊరు ఏ గడిలో?

సీనరీ తయారుచేసేవాళ్ల భాష వింటే కొత్తవాళ్లకు కంగారే. విడమరిస్తే తేలిక. ఒక డిగ్రీలో 60 నిమిషాలు, నిమిషంలో 60 సెకన్లు. ఇవి కాలం లెక్క కాదు, కోణం లెక్క. భూమధ్యరేఖ దగ్గర ఒక సెకను అంటే నేలమీద సుమారు 31 మీటర్లు. 'ఒక ఆర్క్ సెకను డేటా' అంటే దాదాపు ప్రతి 30 మీటర్లకూ ఒక ఎత్తు తెలుసన్నమాట.

డిగ్రీ పొడవు, డిగ్రీ వెడల్పు ఉన్న ముక్క ఒక గడి. ఆ గడి నైరుతి మూలే దాని పేరు. హైదరాబాద్ నగరం ఎన్17ఈ078లో ఉంటుంది, తిరుపతి ఎన్13ఈ079లో. ఒక్కో గడిలో అడ్డంగా 3,601, నిలువుగా 3,601 అంకెలు. మొత్తం కోటీ 29 లక్షల పైచిలుకు! ఈ పట్టికనే డీఈఎం అంటారు. పక్కపక్క బిందువులను కలుపుతూ త్రిభుజాలు అల్లితే వచ్చే వలే 'మెష్'. దానిమీద ఉపగ్రహ చిత్రాన్ని దుప్పటిలా కప్పితే కొండా లోయా తయార్.

చెట్టు నెత్తా, నేలా?

చిక్కులూ ఉన్నాయి. దట్టమైన అడవిలో రాడార్ అడుగు నేలదాకా చేరదు. చెట్ల పైభాగానికి దగ్గరి ఎత్తునే చెబుతుంది. చెట్లు, భవనాలు కలిసిన ఎత్తుల పట్టిక డీఎస్ఎం. వాటిని తీసేసిన ఉత్త నేల పట్టిక డీటీఎం. మొదటిదాన్నే నేలనుకుని పైన మళ్లీ చెట్లు నాటితే అడవి మిద్దెమీద మిద్దె అవుతుంది!

నిటారు కొండల వెనక రాడార్ నీడ పడుతుంది. అక్కడ సమాచారమే ఉండదు. అలాంటి ఖాళీని 'వాయిడ్' అంటారు. దాని గుర్తుగా పట్టికలో మైనస్ 32,768 అని రాస్తారు. ఆ సంగతి తెలియని సాఫ్ట్‌వేర్ దాన్ని నిజం ఎత్తనుకుంటే కొండల నడుమ 32 కిలోమీటర్ల లోతు బావి!

నేపాల్‌లోని లుక్లా విమానాశ్రయం మరో పరీక్ష. 527 మీటర్ల రన్‌వేకు దాదాపు 12 శాతం వాలు. అంటే ఈ కొసకూ ఆ కొసకూ సుమారు 60 మీటర్ల తేడా. మైక్రోసాఫ్ట్ 2006లో తెచ్చిన ఫ్లయిట్ సిమ్యులేటర్‌లో మాత్రం విమానాశ్రయమంటే బల్లపరుపు నేలే. లుక్లాను చదును చేస్తే ఒకవైపు గోడ, మరోవైపు గొయ్యి! వాలు రన్‌వేల ముచ్చట ఆ ఆటలో 2020 వెర్షన్‌తో తీరింది.

ఆట కాదు, ప్రాణాలు

ఈ అంకెలతో అసలు పని నిజం విమానాలకుంది. 1979 నవంబరు 28న ఎయిర్ న్యూజిలాండ్ విమానం అంటార్కిటికాలోని ఎరెబస్ పర్వతాన్ని గుద్దుకుంది. 257 మంది చనిపోయారు. ఇంజిన్లలో లోపం లేదు. తెల్లటి వెలుగులో తెల్లటి కొండ పైలట్ల కంటికి ఆనలేదు. అప్పటి హెచ్చరిక పరికరం కిందికి మాత్రమే చూసేది. ఎదురుగా నిటారుగా లేచే కొండను పసిగట్టి చెప్పేసరికి క్షణాలే మిగిలాయి. 1995 డిసెంబరు 20న కొలంబియాలోని కాలి నగరానికి వెళ్తున్న విమానానికీ ఇదే గతి. 159 మంది బలయ్యారు.

డాన్ బేట్‌మన్ అనే ఇంజినీరు దీనికి మందు కనిపెట్టాడు. విమానానికి కొండల పట్టికనే ఇచ్చేస్తే? తానెక్కడుందో తెలిసిన విమానం ముందున్న కొండనూ ముందే తెలుసుకుంటుంది. కానీ ప్రపంచమంతటి ఎత్తులు ఎక్కడ దొరుకుతాయి? సోవియట్ యూనియన్ కూలాక ఆ దేశ సైన్యం తయారుచేసిన పటాలు అమ్మకానికొచ్చాయి. సంస్థను ఒప్పించి వాటిని కొనిపించాడు. అలా 1990లలో కొత్త పరికరం వచ్చింది. కొండ దగ్గరపడుతుంటే 'టెరైన్, టెరైన్... పుల్ అప్' అని అరుస్తుంది. బేట్‌మన్ 2023లో కన్నుమూశారు. ఆయన పరికరం ప్రయాణికుల విమానాల్లో నేటికీ కాపలా కాస్తూనే ఉంది.

మన కళ్లూ ఉన్నాయి

2005 మే 5న శ్రీహరికోట నుంచి ఎగిరిన కార్టోశాట్-1కు రెండు కెమెరాలు. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి వంగి ఒకే చోటును రెండు కోణాల్లో చూసేవి. ఆ చిత్రాల నుంచి దేశమంతటి ఎత్తుల పట్టిక తయారైంది. హైదరాబాద్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం దాన్ని 'భువన్' ద్వారా ఉచితంగా అందిస్తోంది. ఈ పట్టికలు వరద నీరు ఎటు పారుతుందో అంచనా కట్టడానికి, చెరువులు, కాలువల ప్రణాళికలకు పనికొస్తాయి.

ఆటలో కొండను గుద్దితే మళ్లీ మొదలుపెట్టొచ్చు. పిల్లలు ఈసారి ఆడేటప్పుడు ఊరి పక్క గుట్ట తెరమీద సరిగ్గా ఉందో లేదో చూడమనండి. లేకపోతే ఏ అంకె తప్పిందో వెతకమనండి. భూగోళం పాఠం దానంతటదే వచ్చేస్తుంది!