రాత్రికి పడవ ఎక్కడ కడతారు?

అలెప్పీలో హౌస్‌బోటు బుక్ చేసుకునే మనవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒక్కటే. ఏసీ ఉందా, గదులెన్ని, భోజనంలో చేప పెడతారా, పిల్లలకు కూడా డబ్బులా? అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు: రాత్రికి పడవ ఎక్కడ కడతారు?

ఈ ప్రయాణంలో ప్రయాణం తక్కువ. మధ్యాహ్నం పన్నెండింటికి ఎక్కితే సాయంత్రం ఐదున్నరకల్లా పడవ ఏదో ఒక గట్టు చేరాల్సిందే. పొద్దుగూకే వేళకు జాలర్లు వలలు వేస్తారు, ఆ తర్వాత హౌస్‌బోట్లు తిరగకూడదు. మర్నాడు తొమ్మిదింటికి దిగిపోవాలి. లెక్క చూసుకుంటే తిరిగిన గంటలకన్నా కట్టేసి ఉన్న గంటలే రెట్టింపు. అవి ఎక్కడ గడుస్తాయన్నదే అసలు సంగతి.

నోరు తెరిచి అడక్కపోతే మీ పడవ పున్నమడ సరస్సు చుట్టుపక్కలే ఆగే అవకాశం ఎక్కువ. ఏటా మామూలుగా ఆగస్టులో నెహ్రూ ట్రోఫీ పాముపడవల పందెం జరిగేది అక్కడే. 1952లో నెహ్రూ వచ్చినప్పుడు మొదలైన పందెం అది. పందెం ముగిసేచోటికి ఫినిషింగ్ పాయింట్ అనే పేరు నిలిచిపోయింది, హౌస్‌బోట్ల ప్రధాన రేవూ అదే. రాత్రయితే పడవను ఆనుకుని పడవ, జనరేటర్ల మోత, డీజిలు వాసన. పక్క పడవలోంచి తెలుగు సినిమా పాటలు వినిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. దానికోసం కేరళ దాకా పోవడం దేనికి?

నన్నడిగితే మొదటి ఓటు చంపకుళానికి. ఇక్కడ పడవ ఆగేది సరస్సులో కాదు, పంపా నదిలో. మాల వేసుకున్న స్వాములకు పంపా అంటే ఇరుముడి, చన్నీళ్ల స్నానం, ఎదురుగా కొండ. అదే పంపా కొండలు దిగి కుట్టనాడు పల్లపు నేలకు వచ్చేసరికి తొందరంతా మానుకుని, పాయలుగా చీలి వేంబనాడు సరస్సు వైపు సాగుతుంది. ఒడ్డునే సెయింట్ మేరీస్ బసిలికా. క్రీ.శ. 427లో వెలసిందని స్థానికుల నమ్మకం. ఇళ్లన్నీ నదికేసి తిరిగే ఉంటాయి, ఇంటికో రేవు, రేవుకో నాలుగు రాతిమెట్లు. సాయంత్రం ఆ మెట్ల మీదే గిన్నెలు తోమడం, బట్టలు ఉతకడం, పిల్లలకు స్నానాలు. మనం డెక్కు మీద కుర్చీ వేసుకుని చూసేది నిజానికి వాళ్ల పెరడే. కెమెరా కాస్త కిందికి దించితే మర్యాదగా ఉంటుంది.

అక్కడ పడవ కట్టడం చూడముచ్చటగా ఉంటుంది. సరంగు ముందే ఇంజిను ఆపేసి, పడవను దాని ఊపు మీదే రానిస్తాడు. అణియంలో నిలబడ్డ కుర్రాడు వెదురు గడను అడుగు బురదలో గుచ్చి, దాని మీద ఒళ్లంతా వేసి వేగం విరుస్తాడు. గట్టు ఇంకా రెండు బారల దూరం ఉండగానే మోకు విసురుతాడు, వెనకే తానూ దూకి కొబ్బరిచెట్టు మొదలుకు రెండు చుట్లు చుడతాడు. మోకు మరీ బిగించడు, రాత్రి నీరు ఎక్కినా దిగినా దానికి కాస్త వదులుండాలి. ఇంత పెద్ద పడవ గట్టును తాకినట్టు గ్లాసులో టీకి కూడా తెలియదు. కెట్టువళ్ళాలు అనే ఈ పడవలు ఒకప్పుడు కుట్టనాడు బియ్యాన్ని కొచ్చికి మోసేవి. ఆంజిలి చెక్కలను మేకులతో పనిలేకుండా కొబ్బరిపీచు తాళ్లతో కుట్టి, జీడిగింజల పెంకు నూనెతో నల్లగా పూత పెట్టేవారు. లారీలు వచ్చాక బియ్యం రోడ్డెక్కింది, పడవలకు పడకగదులు వచ్చాయి.

చంపకుళంలో రాత్రి బస చేయడానికి పాత ఆనవాయితీ కూడా ఉంది. అంబలప్పుళ గుడికి శ్రీకృష్ణ విగ్రహాన్ని పడవలో తీసుకెళ్తూ దారిలో పొద్దుపోయి ఇక్కడ ఆగారనీ, ఆ రాత్రి విగ్రహం ఒక క్రైస్తవ కుటుంబం ఇంట ఉందనీ చెబుతారు. తెల్లారాక ఊరూరి పడవలు వెంట నడిచాయట. ఆ జ్ఞాపకంగానే ఏటా మిథున మాసం మూలా నక్షత్రం నాడు, అంటే జూన్ జూలైల్లో, పడవ పందెం జరుగుతుంది. నెహ్రూ ట్రోఫీకి వచ్చే జనం దీనికి రారు. అదే మంచిది.

కైనకరిలో కాలువలు ఇంకా సన్నం. సెయింట్ కురియాకోస్ ఎలియాస్ చావర 1805లో పుట్టిన ఇల్లు ఇక్కడ ఉంది. 2014లో ఆయన్ను పునీతుడిగా ప్రకటించాక రాకపోకలు పెరిగాయి. అయినా ఆ ఇంటికి జనం పడవ దిగే వెళ్తారు. లోపలి కాలువల్లోకి హౌస్‌బోటు పట్టదు. పొద్దున్నే చిన్న తెడ్డు పడవ మాట్లాడుకుంటే బడి పిల్లలు, పాల క్యాన్లు, గ్యాస్ సిలిండర్లు అన్నీ నీటి మీదే ఎదురొస్తాయి.

గోదావరి డెల్టా వాళ్లు తప్పక చూడాల్సింది మాత్రం కాయల్ (సరస్సు) నేలలు: ఆర్ బ్లాక్, చిత్తిర, మార్తాండం, రాణి. అక్కడ పడవ కట్టి గట్టెక్కితే ఒక్క క్షణం తికమక. కాలువ ఎత్తున ఉంటుంది, చేను పల్లంలో ఉంటుంది. కొన్నిచోట్ల పొలం సముద్రమట్టానికి రెండు మీటర్లు దిగువ. కొబ్బరి మొద్దులు వరసగా దిగేసి, సరస్సు అడుగు నుంచి బురద తోడి గట్లు వేసి, లోపలి నీళ్లు బయటికి తోడి సంపాదించిన భూమి ఇది. చిత్తిర, మార్తాండం, రాణి కాయళ్లను సాగులోకి తెచ్చిన జోసెఫ్ మురిక్కన్‌ను కాయల్ రాజు అంటారు. నీళ్లలో మునిగి బురద తీసింది ఎక్కువగా పులయ కూలీలు, వాళ్లను మాత్రం ఎవరూ రాజులనలేదు.

మన డెల్టా రైతు కాలువ నీరు చేలోకి ఎప్పుడొస్తుందా అని చూస్తాడు. కుట్టనాడు రైతు చేలో నీరు కాలువలోకి ఎప్పుడు పోతుందా అని చూస్తాడు. దానికి వాళ్లు వాడేది ‘పెట్టియుం పరయుం’. నిలువు గొట్టంలో పంకా తిరిగి నీటిని పైకి లేపితే, చెక్క పెట్టెలోంచి అది కాలువలో పడుతుంది. బ్రంటన్ అనే బ్రిటిష్ ఇంజినీరు రూపొందించిందని చెబుతారు. ఒక మాట: పంపు షెడ్డు పక్కన పడవ కడితే రాత్రంతా జాగారమే. రెండు వందల గజాలు అవతల కట్టమనండి. ఈ పల్లపు సాగును 2013లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ ప్రాముఖ్యమున్న వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. 2018 వరదల్లో ఇక్కడి గట్లు తెగి ఊళ్లకు ఊళ్లే మునిగాయి. చుట్టూ ఇంత నీరున్నా తాగడానికి గుక్కెడు మంచినీళ్లు పడవలో రావాల్సిన ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. గుర్రపు డెక్క, డీజిలు తెట్టె చూశాక కారణం అడగక్కర్లేదు. అందులో హౌస్‌బోట్ల వాటా తక్కువేం కాదు.

వేంబనాడు సరస్సులోని పాతిరామణల్ దీవిని పక్షుల కోసం పగటిపూట దిగి చూసి రావచ్చు, అంతే. రాత్రికి కట్టడానికి కుమరకం వైపు కూడా వద్దు, రిసార్టుల దీపాలు ఎక్కువ.

డిసెంబరు, జనవరిలో వెళ్తే వరి పచ్చగా ఉంటుంది. మార్చిలో కోతలయ్యాక చేలల్లో వేలకొద్దీ బాతులు. క్రిస్మస్ సెలవుల వారం వద్దు, రేట్లకు రెక్కలొస్తాయి.

హౌస్‌బోటు ఖర్చు మనవల్ల కాదనుకునేవాళ్లకు ఇంకో దారి ఉంది. శబరి ఎక్స్‌ప్రెస్‌లో కొట్టాయంలో దిగి, కోడిమత రేవులో రాష్ట్ర జల రవాణా శాఖ బోటు ఎక్కండి. రెండున్నర గంటల్లో అలెప్పీ. ఆర్ బ్లాక్ గట్ల పక్కనుంచే పోతుంది, టికెట్టు మన పల్లెవెలుగు బస్సు ధరల్లోనే. ఊళ్లవాళ్లు సంచులతో ఎక్కుతారు, దిగుతారు. కాలువల నీళ్లు తగ్గినప్పుడూ, వంతెన మరమ్మతులప్పుడూ దారి మారుస్తారు కాబట్టి ముందు రేవులో ఒకమాట అడిగి ఎక్కడం మంచిది. కిటికీ పక్క సీటు కావాలంటే పావుగంట ముందే వెళ్లాలి.