‘పిక్ అప్’: ఒక మాట, రెండు దారులు

ఆంగ్లంలో ‘పిక్’ అనగా ఏరుట; ‘అప్’ అనగా పైకి. రెండూ కలిసిన ‘పిక్ అప్’కు వాడుకలో వేరు అర్థాలున్నాయి.

గురువు లేకుండా, వింటూ వింటూ భాష నేర్చుకొనుట ఒకటి. దీనికి మన మాట ‘అబ్బుట’. ఛత్తీస్‌గఢ్‌లో 2007లో జిల్లాగా ఏర్పడిన బీజాపూర్‌లో గోండీ, దోర్లీ, హల్బీ, హిందీ, తెలుగు వినిపిస్తాయి. అటువంటి చోట పొరుగువారి భాష సంతలోనే అబ్బుతుంది.

పోలీసులు ఒకరిని ‘పిక్ అప్’ చేశారంటే, వెంట తీసుకుపోయారని అర్థం. నేరమున్నదీ లేనిదీ ఆ మాట చెప్పదు. ‘పట్టుబడ్డాడు’ అని అనువదిస్తే మాత్రం దోషి దొరికాడన్న ధ్వని వస్తుంది. దశాబ్దాల సాయుధ సంఘర్షణ చూసిన బీజాపూర్ వార్తలలో ఈ తేడా చిన్నది కాదు. ‘తీసుకుపోయారు’ అని వ్రాస్తే చాలు. తీర్పు న్యాయస్థానం చెబుతుంది.