బొమ్మ కొనే ముందు... దీపం చూడండి!

కొత్తింటికి అన్నీ సమకూరాయి. సోఫా వచ్చింది, టీవీ గోడకెక్కింది. హాల్లో ఒక్క మూల మాత్రం బోసిగా ఉంది. 'అక్కడో మోడ్రన్ శిల్పం పెడితే అదిరిపోతుంది' అంటాడు అబ్బాయి. 'ముక్కూ మొహం లేని బొమ్మకి అంత డబ్బా?' అంటారు నాన్న. ధర విన్నాక అమ్మ అసలేమీ అనదు. మరి నైరూప్య శిల్పాన్నీ, దాని మీద పడే వెలుగునూ ఎంచుకునేదెలా?

సాయంత్రం ఏడు గంటలు. ఉస్మాన్‌గంజ్ టోకు దుకాణాల ముందు బస్తాలు, హమాలీల కేకలు, కదలని ఆటోలు. ఆ రద్దీలోంచి నాలుగడుగులు వేస్తే మొజంజాహీ మార్కెట్. 1935 నాటి ఈ గ్రానైట్ కట్టడాన్ని బాగుచేసి, దీపాలంకరణతో 2020 ఆగస్టులో కొత్తగా ముస్తాబు చేశారు. మిట్టమధ్యాహ్నం చూస్తే బూడిదరంగు రాయి. చీకటిపడ్డాక పసుపుపచ్చని వెలుగులో తోరణాలు ముందుకొస్తాయి, వాటి వెనక నీడలు లోతుగా జారుకుంటాయి. రాయి మారలేదు... వెలుగు వచ్చే దిక్కు మారింది, అంతే!

నైరూప్య శిల్పం గుట్టంతా ఇందులోనే ఉంది. దేవుడి బొమ్మకో కథ ఉంటుంది, గాంధీగారి విగ్రహానికో పోలిక ఉంటుంది. ఈ శిల్పానికి ఆ రెండూ ఉండవు. ఉన్నదల్లా వంపు, ఒంపు, మధ్యలో ఖాళీ. వాటిని చూపించేది వెలుగే.

ట్యూబ్‌లైటే కళాఖండం!

మార్కెట్ దాటి కోఠి వైపు మళ్లితే ట్రూప్‌బజార్. బల్బులు, షాండ్లియర్లు, ఎల్‌ఈడీ పట్టీలు... ఇంటి దీపాలకు నగరవాసులకు తెలిసిన చిరునామా. ఇలాంటి అంగడి సరుకుతోనే చరిత్ర సృష్టించాడు అమెరికా కళాకారుడు డాన్ ఫ్లావిన్. 1963లో దుకాణంలో దొరికే మామూలు ట్యూబ్‌లైటును గోడకు ఏటవాలుగా బిగించి, ఇదే నా కళ అన్నాడు. గొప్పదనం ట్యూబులో లేదు, దాన్ని పెట్టిన తీరులో, గది నిండా పరచుకున్న కాంతిలో ఉంది. 2003లో లండన్‌లోని టేట్ మోడర్న్‌లో ఓలఫర్ ఎలియాసన్ అర్ధవృత్తంలో దీపాలు అమర్చి, పైకప్పుకు అద్దాలు పరిచి నిండు సూర్యుణ్ని చూపించాడు. జనం నేలమీద పడుకుని మరీ చూశారు.

మనకు కొత్తేం కాదు

ముక్కూ మొహం లేని రూపమంటే మనకు బెరుకెందుకు? వ్రతంలో పసుపు ముద్దను గౌరమ్మ అంటాం. ఊరి నడుమ బొడ్రాయికి మొక్కుతాం. శివలింగానికి కళ్లేవని ఎవరూ అడగరు. చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి (1925-2018) శాంతినికేతన్‌లో చదివి, లండన్‌లో హెన్రీ మూర్ దగ్గరా, పారిస్‌లో జాడ్కిన్ దగ్గరా శిల్పకళ నేర్చుకున్నారు. ముద్రణ చిత్రకళలో ప్రపంచఖ్యాతి పొందిన ఆయనకు 1972లో పద్మశ్రీ దక్కింది.

ఇక కాంతి కళ అంటారా? తోలుబొమ్మలాట అదే కదా! పల్చని తోలుకు రంగులద్ది, నగల చోట సన్నని రంధ్రాలు పొడిచి, వెనక దీపం పెడితే తెరంతా రంగులే. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కళాకారులు అదే తోలుతో దీపపు గొడుగులు చేస్తున్నారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ గొడుగుల్లో వేడెక్కే పాత బల్బు వద్దు, తోలు ముడుచుకుపోతుంది. ఎల్‌ఈడీ వాడితే మేలు.

వెలుగు ముందు... శిల్పం తర్వాత

చాలామంది శిల్పం కొని, ఆనక చోటు వెతుకుతారు. తిరగేసి చూడండి. ముందు ఆ మూలలో అదే ఎత్తు అట్టపెట్టె పెట్టి వారం రోజులుంచండి. నడకకు అడ్డొస్తుందా? పిల్లల తల తగులుతుందా? పొద్దున ఎండ ఎటునుంచి పడుతోంది? అన్నీ తెలిసిపోతాయి.

దీపం విషయానికొస్తే, నెత్తిమీద నిటారుగా వెలిగే ఒక్క దీపం శిల్పాన్ని చప్పగా చేసేస్తుంది. ఓ పక్కనుంచి ఏటవాలుగా పడాలి. ఎదురుపక్క కాస్త మసక వెలుగు చాలు. ఎల్‌ఈడీ డబ్బా మీద 2700 నుంచి 3000 కెల్విన్ అని ఉంటే వెచ్చని కాంతి. కొయ్యకు, ఇత్తడికి, ఎర్రరాయికి నప్పుతుంది. 6500 కెల్విన్ తెల్లకాంతి వాటిని పాలిపోయినట్టు చూపిస్తుంది. సీఆర్ఐ 90కి పైన ఉంటే రంగులు నిజంగా కనిపిస్తాయి. వెలుగు తగ్గించుకునే స్విచ్ కావాలంటే, అందుకు పనికొచ్చే బల్బేనా అని అడిగి మరీ తీసుకోవాలి. క్షణానికో రంగు మారే పట్టీలు పండగపూట ముద్దే. రోజూ అయితే, కళ్లు శిల్పాన్ని వదిలేసి రంగుల వెంట పోతాయి.

కొనేటప్పుడు...

* చుట్టూ తిరిగి చూడండి. వెనకవైపు బాగోలేకపోతే గోడవారకే పనికొస్తుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒకే కొయ్యలో ముందు మెఫిస్టోఫిలిస్, వెనక మార్గరెటా ఉన్న శిల్పాన్ని చూస్తే సంగతి అర్థమవుతుంది. దాని వెనక అద్దం పెట్టింది అందుకే!

* బరువు అడగండి. ఘనపుటడుగు గ్రానైట్ సుమారు 75 కిలోలు తూగుతుంది. గాజు బల్లమీద పెట్టే మాటే వద్దు. పీట అడుగు వెడల్పుగా ఉండాలి.

* కంచు మీది నల్లని, పచ్చని ఛాయ మురికి కాదు, శిల్పి కావాలని తెప్పించిన రంగు కావచ్చు. చింతపండు పెట్టి తోమితే పోతుంది. ఎలా తుడవాలో ముందే అడగాలి.

* శిల్పి పేరు, ఏ లోహం, ఎన్ని ప్రతులు తీశారు... ఇవన్నీ రసీదులో రాయించుకోండి.

* మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీ, మాసబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ప్రదర్శనలు జరిగినప్పుడు వెళ్లండి. కొనకపోయినా కన్ను అలవాటవుతుంది.

ఇవేవీ కాదు, అసలు డబ్బే లేదంటారా? ఊరి నుంచి తెచ్చి బాల్కనీలో పడేసిన రుబ్బురోలు పొత్రం ఉంటుందేమో చూడండి. కడిగి, చిన్న పీటమీద నిలబెట్టి, గదిలో లైట్లార్పి, పక్కనుంచి ఒక్క దీపం వెయ్యండి. ఏళ్ల తరబడి పిండిలో తిరిగి నున్నబడిన ఆ రాయి వంపు గోడమీద నీడై నిలుస్తుంది. 'ఇదేం బొమ్మ?' అని నాన్న ఈసారి అడగరు. అది అరగడానికి ఎవరి చేతులు ఎంత తిరిగాయో ఆయనకే బాగా తెలుసు!