తిరునాళ్లలో తినుబండారాల స్టాలు పెడుతున్నారా? నెల ముందే దరఖాస్తు చేయండి

కోటప్పకొండ తిరునాళ్లయినా, మన ఊరి జాతరయినా ఉడకబెట్టిన వేరుశనగ కాయలకు, కాల్చిన మొక్కజొన్న పొత్తులకు, మిరపకాయ బజ్జీలకు గిరాకీ బాగా ఉంటుంది. పచ్చి సరుకు అమ్మినదానికంటే నాలుగు డబ్బులు ఎక్కువ మిగులుతాయని చాలామంది సన్నకారు రైతులు రెండు మూడు రోజులు స్టాలు పెడుతుంటారు. చేతిలో కాగితం లేకపోతే, నూనె కాగాక దుకాణం ఎత్తేయమంటే తెచ్చిన సరుకంతా నష్టమే.

ఎవరికి అవసరం?

2006 నాటి ఆహార భద్రత చట్టం రైతుకు, పొలం దగ్గరి పంటకు వర్తించదు. అదే పంటను ఉడకబెట్టి, వేయించి, కాల్చి అమ్మితే మాత్రం మీరు ఆహార వ్యాపారి కిందకు వస్తారు. అయినా భయపడనక్కరలేదు. చిన్న వ్యాపారులకు లైసెన్సు అక్కరలేదు, రిజిస్ట్రేషన్ చాలు. 2011 నిబంధనలు ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు అమ్మకాలు ఉన్నవారిని ఇందులో చేర్చాయి. తాత్కాలిక స్టాళ్లు, జాతర స్టాళ్లు కూడా ఇందులోనివే.

దరఖాస్తు ఎలా?

ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. వారి 'ఫాస్కాస్' వెబ్‌సైట్‌లో ఫారం-ఎ నింపాలి. దగ్గరలోని ఇంటర్నెట్ సెంటరులో చేయించుకోవచ్చు. ఫొటో, గుర్తింపు కార్డు, స్టాలు పెట్టే చోటు వివరాలు తీసుకెళ్లండి. 2011 నిబంధనల ప్రకారం రుసుము ఏడాదికి 100 రూపాయలు. సైట్‌లో చూపినంత రుసుము, సెంటరు వారి కూలి తప్ప, వేలల్లో అడిగే దళారులకు పైసా ఇవ్వకండి.

దరఖాస్తు అందిన 7 రోజుల్లో అధికారులు రిజిస్ట్రేషన్ ఇవ్వాలి, లేదా కారణం రాసి తిరస్కరించాలి, లేదా తనిఖీకి నోటీసు ఇవ్వాలి. తనిఖీ పడితే 30 రోజుల వరకు పట్టవచ్చు. అందుకే నెల ముందే దరఖాస్తు చేయమనేది. 14 అంకెల నంబరుతో వచ్చే పత్రాన్ని స్టాలులో అందరికీ కనబడేలా తగిలించండి.

ఈ పత్రం ఉన్నంత మాత్రాన జాగా రాదు. దానికి పంచాయతీని గానీ, గుడి స్థలమైతే దేవస్థానం ఆఫీసును గానీ విడిగా అడగాలి.

స్టాలులో జాగ్రత్తలు

* తాగే నీటినే వంటకూ వాడండి. తినుబండారాలపై మూత ఉంచండి.
* జ్వరం, విరేచనాలు ఉన్నవారిని వంట దగ్గరకు రానివ్వకండి.
* నల్లబడిన నూనెను మళ్లీ కాచకండి.
* బజ్జీలు వార్తాపత్రికలో చుట్టి ఇవ్వకండి, అది మన పేపరైనా సరే! సిరా తిండికి అంటుతుంది. విస్తరాకు వాడండి.