కణం పట్టును లోపలికి తెలియజేసే ఎంజైములు
(ప్రత్యేక వ్యాసం)

గార్లదిన్నె (అనంతపురం జిల్లా): నేలను వీడిన వేరుశనగ మొక్క వాడిపోవడం గార్లదిన్నె మండల రైతాంగానికి తెలిసిన విషయమే. మానవ దేహంలోని అనేక కణాల స్థితి కూడా ఇటువంటిదే. చర్మం, పేగు, రక్తనాళాల లోపలి పొరలలోని కణాలు తమ ఆధారాన్ని అంటిపెట్టుకొని ఉన్నంతవరకే జీవిస్తాయి. పట్టు తప్పిన కణం సాధారణంగా తనంతట తానే నశిస్తుంది. పట్టు ఉన్నదీ లేనిదీ కణంలోపలికి తెలియజేసే బాధ్యత ప్రధానంగా కొన్ని ఎంజైములది.

కణం పైపొరలో ఇంటెగ్రిన్లు అనే ప్రోటీన్లు ఉంటాయి. ఇవి వెలుపలి ఆధారాన్ని పట్టుకొని, రెండవ కొనతో కణంలోపలికి చొచ్చుకొని ఉంటాయి. అయితే వీటికి స్వయంగా ఎంజైము గుణం లేదు. అందువలన ఫోకల్ అడ్హీషన్ కైనేజ్, సంక్షిప్తంగా 'ఫ్యాక్', అనే ఎంజైము ఆ కబురును అందుకుంటుంది. పట్టు కుదిరినచోట ఫ్యాక్ అణువులు గుమికూడి, తమలోని 397వ స్థానంలో గల టైరోసిన్‌కు ఫాస్ఫేటును చేర్చుకుంటాయి. ఆ గుర్తును ఆధారం చేసుకొని 'సార్క్' అనే మరొక ఎంజైము వచ్చి చేరి, ఫ్యాక్‌ను పూర్తిగా ఉత్తేజపరుస్తుంది. ఈ రెండూ కలిసి ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేటును తగిలించడంతో జీవించవలసిందిగా, కదలవలసిందిగా, విభజన చెందవలసిందిగా కణానికి ఆదేశాలు అందుతాయి. ఫాస్ఫటేజ్ ఎంజైములు ఆ ఫాస్ఫేటును తొలగించి కబురును ముగిస్తాయి.

ఈ ఫాస్ఫేటును సమకూర్చేది ఏటీపీ. 1929లో హార్వర్డ్ వైద్య పాఠశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి దీనిని కనుగొన్నవారు, 1895లో భీమవరంలో జన్మించిన తెలుగు శాస్త్రవేత్త డా. యల్లాప్రగడ సుబ్బారావు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దీనిని విడిగా కనుగొన్నారు.

అనేక క్యాన్సర్లలో ఫ్యాక్, సార్క్ ఎంజైములు అదుపు తప్పి పనిచేస్తాయి. పట్టు లేకున్నా ఉన్నట్లే కబురు అందడం వలన, నశించవలసిన కణం బ్రతికి ఇతర అవయవాలకు వ్యాపించగలుగుతుంది. ఈ కారణంగానే ఫ్యాక్‌ను నిరోధించే ఔషధాలపై పరిశోధనలు సాగాయి. 2025 మే నెలలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అటువంటి ఔషధమైన డిఫాక్టినిబ్‌ను అవుటోమెటినిబ్‌తో కలిపి వాడేందుకు సత్వర అనుమతి మంజూరు చేసింది.

అయితే, గతంలో చికిత్స పొందినా వ్యాధి తిరగబెట్టిన, కేరాస్ జన్యువులో మార్పు గల, నెమ్మదిగా పెరిగే ఒక రకపు అండాశయ క్యాన్సర్‌కు మాత్రమే ఈ అనుమతి పరిమితమని పాత్రికేయులు, వైద్య ఆరోగ్య అధికారులు గమనించగలరు. దీనిని క్యాన్సర్లన్నిటికీ మందు లభించినట్లుగా పేర్కొనడం రోగులలో, వారి కుటుంబాలలో లేనిపోని ఆశలు కల్పించగలదు. ఏ వ్యాధికి, ఏ దశలో, ఏ పరీక్ష అనంతరం అనే మూడు అంశాలు వార్తలో తప్పక ఉండవలసిన అవసరమున్నది.