నీలి లైటుకు నరం మాడిపోతుందా?

పిప్పిపన్నుకు నీలి లైటుతో గట్టిపరిచే పంటిరంగు సిమెంటు పెట్టించుకోమంటే 'ఆ లైటు వేడికి నరం చచ్చిపోతుందటగా' అని వాయిదా వేసేవాళ్లు ఎక్కువయ్యారు. పిప్పి మాత్రం వాయిదా వేసుకోదు. ఒక్క సిటింగులో తేలే పని రూట్ కెనాల్ దాకా పోతుంది. ఏ నరం కోసం భయపడ్డారో దాన్నే తీసేయాల్సి వస్తుంది.

అపోహ: లైటు వేడి నేరుగా నరానికి తగులుతుంది.

వాస్తవం: అది నీలి కాంతి. ఎక్స్‌రే కాదు, అల్ట్రావయొలెట్ కూడా కాదు. అల్ట్రావయొలెట్ లైట్ల కాలం 1970లతోనే పోయింది. సిమెంటులోని క్యాంఫర్‌క్వినోన్ అనే రసాయనం 470 నానోమీటర్ల దగ్గరి కాంతిని పీల్చుకోగానే సిమెంటు గట్టిపడటం మొదలవుతుంది. వేడి పుట్టదా అంటే పుడుతుంది. కొంత లైటుది, కొంత గట్టిపడుతున్న సిమెంటుది. కానీ మధ్యనున్న డెంటిన్ అనే పంటిపొర వేడిని అంత తేలిగ్గా లోపలికి పోనివ్వదు. దాటివచ్చిన కాస్తనూ పంటిలో పారే రక్తం లాక్కుపోతుంది. పొగలుకక్కే టీ ఊదకుండా తాగేవాళ్లు ఇరవై సెకన్ల లైటుకు వణకడం వింతే!

మరి ఫిల్లింగు తర్వాత జివ్వుమంటుందేం? గట్టిపడేటప్పుడు సిమెంటు కాస్త కుంచించుకుని అంచున సందు మిగలొచ్చు. ఫిల్లింగు ఎత్తుగా ఉండొచ్చు. పిప్పి ముందే లోతుకు దిగి ఉండొచ్చు. కంటికి కనబడింది లైటు కాబట్టి నింద దాని మీద పడింది.

అయితే భయం పూర్తిగా గాలిలోంచి పుట్టలేదు. 1965లో జాక్, కోహెన్ అనే పరిశోధకులు కోతుల పళ్లను వేడిచేసి చూశారు. నరం దగ్గర 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగితే 15 శాతం పళ్లు కోలుకోలేదు. డెంటిన్ పలచని పొరే మిగిలిన చోట శక్తిమంతమైన లైటును ఆపకుండా పెడితే ప్రమాదమే. అందుకే లోతైన పిప్పికి అడుగున లైనింగ్ వేస్తారు, సిమెంటును 2 మిల్లీమీటర్ల పొరలుగా పెడతారు, మధ్యలో గాలి కొడతారు.

  

'చాలు, లైటు తీసేయండి డాక్టరుగారూ' అని బతిమాలకండి. అరకొరగా గట్టిపడ్డ సిమెంటు త్వరగా అరిగి కింద మళ్లీ పిప్పి పడుతుంది. లైటు వంక చూడకండి, నారింజ రంగు అద్దాలు అడగండి. మరీ వేడిగా తోస్తే చెయ్యెత్తండి. రాత్రిళ్లు దానంతటదే నొప్పి వస్తే ఆలస్యం చేయకుండా మళ్లీ చూపించుకోండి. అసలు పిప్పి చిన్నగా ఉండగానే వెళ్తే డెంటిన్ మందంగా ఉంటుంది, ఈ డిగ్రీల లెక్కే అక్కర్లేదు.