పార్సిప్పనీలో తమలపాకు తీగ: చలికాలం దాటించడమే అసలు పని

శ్రావణ శుక్రవారం దగ్గరికొస్తే మన గ్రూపుల్లో మొదలయ్యే మెసేజ్ ఒకటే: "ఎవరింట్లోనైనా తమలపాకులున్నాయా?" లేక్ హయావతా వైపు ఇండియన్ షాపులు ఉన్నాయి, నిజమే. కానీ పండగ ముందురోజు వెళ్తే మిగిలేవి వాడిపోయిన ఆకులే. ఇంట్లో తీగ ఉంటే ఆ బెంగ లేదు. వేసవిలో ఎవరైనా పెంచేస్తారు లెండి, చిక్కంతా నవంబరు నుంచి ఏప్రిల్ దాకానే.

తమలపాకు మిరియాల తీగకి దగ్గర చుట్టం. మన ఊళ్ల ఆకుతోటల్లో దీన్ని అవిసె చెట్ల మీదికి పాకిస్తారు. ఊతం అదే, నీడా అదే. వెచ్చదనం, తేమ, పల్చటి నీడ ఉంటే చాలు దానికి. ఇక్కడ నేలలో నాటితే మొదటి గట్టి మంచుకే పోతుంది, అందుకని కుండీయే దారి.

రాత్రి చలి 55 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దిగుతోందంటే లోపలికి తెచ్చేయండి. తెచ్చేముందు ఆకుల అడుగున చూడండి. ఎర్రనల్లి, పిండినల్లి అక్కడే దాక్కుంటాయి. నీళ్లతో బాగా కడగండి.

హీటర్ గాలి తగిలే చోట మాత్రం పెట్టొద్దు. ఆ పొడిగాలికి అంచులు మాడిపోతాయి. వెలుతురొచ్చే కిటికీ ఉన్న బాత్రూమ్ అయితే దానికి స్వర్గమే. ఆకు వాలింది కదా అని రోజూ నీళ్లు పోసేస్తాం మనం. చలికాలంలో తీగ పెద్దగా పెరగదు, అన్ని నీళ్లు తాగదు, వేళ్లు కుళ్లిపోతాయి. వేలు పెట్టి చూసి, పైమట్టి ఆరాకే పోయండి. ఎరువు వసంతం దాకా వద్దు. సంక్రాంతి పేరంటానికి ఆకులు కోయాలనిపించినా ఆగండి, ఆ నెలకి షాపు ఆకులే నయం.

సెప్టెంబరులోనే రెండు మూడు కణుపులున్న ముక్కలు కోసి, తడి మట్టిలో గుచ్చి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి ఉంచండి. వేళ్లు పట్టాక ఒకటి స్నేహితురాలికిచ్చేయండి. మీ తీగ పోయినా ఆవిడ దగ్గరుంటుంది. ఇండియా నుంచి కొమ్మ బ్యాగులో దాచి తేవడం మాత్రం వద్దు. మొక్కలకి ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి, చెప్పకుండా తెస్తే జరిమానా.

ఇంకో సంగతి, పిల్లలున్న ఇళ్లవాళ్లు తప్పక చదవండి. మనీ ప్లాంట్ ఆకు చూడ్డానికి ఇలాగే ఉంటుంది, నమిలితే నోరు, నాలుక మండి వాచిపోతాయి. తమలపాకు నలిపితే ఘాటుగా వాసనొస్తుంది, మనీ ప్లాంట్‌కి ఆ వాసన ఉండదు. అనుమానముంటే నోట్లో పెట్టొద్దు. వియత్నాం షాపుల్లో దొరికే లా లోట్ ఆకు కూడా ఇదే కుటుంబం. తినొచ్చు గానీ తమలపాకు కాదు, తాంబూలంలో ఆ రుచి రాదు.

మే నెల సగం దాటి, రాత్రిళ్లు వెచ్చబడ్డాక బయట పెట్టండి. మొదటి వారం చెట్టు నీడనే ఉంచండి, నేరుగా ఎండలో పెడితే ఆకులు తెల్లబడి కాలిపోతాయి.